ఇతరుల తరఫున ప్రభుత్వ ప్రయోజనాలకు దరఖాస్తు: అధికార నిరూపణ

పింఛను, రేషన్, ఉపకార వేతనం, కుటుంబ పింఛను వంటి ప్రభుత్వ ప్రయోజనాలకు అర్హులైనవారు స్వయంగా దరఖాస్తు చేసుకోలేనప్పుడు వారి తరఫున మరొకరు ఆ పని చేస్తారు. అందుకు తమకు హక్కు ఉందని సంబంధిత కార్యాలయానికి రుజువు చేయడమే అధికార నిరూపణ. ఈ వ్యాసంలో ప్రయోజనం ఎవరికి చెందాలో వారిని ‘అర్హులు’ అనీ, వారి తరఫున వచ్చినవారిని ‘ప్రతినిధి’ అనీ వ్యవహరిస్తాం. భారతదేశంలో ఈ విషయానికంతటికీ ఒకే చట్టం లేదు. మైనర్లకు ఒక చట్టం, మేధో వైకల్యం ఉన్నవారికి మరొకటి, మరణించినవారి బకాయిలకు ఇంకొకటి వర్తిస్తాయి. అనారోగ్యంతో స్పృహ కోల్పోయిన పెద్దల విషయంలో మాత్రం చట్టం చాలావరకు మౌనంగా ఉంది.

పరిధి

ఒకరి తరఫున పనిచేయడంలో మూడు మెట్లున్నాయి. మొదటిది కాగితాలు పట్టుకెళ్లి ఇచ్చి రసీదు తెచ్చుకోవడం. రెండోది అర్హుల బదులు సంతకం చేయడం. మూడోది మంజూరైన సొమ్మును అందుకోవడం, ఖర్చు చేయడం. మెట్టు పెరిగేకొద్దీ అడిగే రుజువూ పెరుగుతుంది. తల్లి సంతకం చేసిన దరఖాస్తును కొడుకు గ్రామ సచివాలయంలోనో మీ-సేవ కేంద్రంలోనో ఇచ్చిరావడానికి సాధారణంగా ఆమె ఆధార్ జిరాక్సు, అతని గుర్తింపు కార్డు సరిపోతాయి. అదే దరఖాస్తుపై ఆమె బదులు అతను సంతకం పెట్టాలంటే రాతపూర్వక అధికారం ఉండాలి. ఆమె ఖాతాలో పడిన డబ్బు తీయాలంటే బ్యాంకు నిబంధనలు వేరుగా ఉంటాయి. కౌంటర్ల దగ్గర తలెత్తే వివాదాల్లో చాలావాటికి ఈ మూడింటినీ ఒకటిగా అనుకోవడమే మూలం.

బంధుత్వం వేరు, అధికారం వేరు. భార్య, భర్త, కొడుకు, కోడలు అన్నంత మాత్రాన వయసొచ్చిన మరో వ్యక్తి తరఫున సంతకం చేసే హక్కు చట్టరీత్యా రాదు. రేషన్ కార్డు గానీ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ గానీ బంధుత్వానికి రుజువు అవుతాయే తప్ప అధికారానికి కావు.

చరిత్ర

మద్రాసు రాజధానిలో మైనర్లైన జమీందారుల ఆస్తులను ప్రభుత్వమే సంరక్షించే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పద్ధతి 1804 రెగ్యులేషన్‌తో మొదలైంది. 1902లో దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది. జమీందారీలకు బయటి కుటుంబాలకు వర్తించే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది, నేటికీ అమల్లో ఉంది.

పింఛన్ల చట్టం 1871లో వచ్చింది. ఇకముందు రావలసిన పింఛనును ముందుగానే మరొకరికి రాసి ఇచ్చినా, అమ్మినా ఆ ఒప్పందం చెల్లదని అందులోని 12వ సెక్షన్ చెబుతుంది. పింఛనుదారుల అవసరాన్ని ఆసరాగా తీసుకుని వడ్డీ వ్యాపారులు పింఛనుపై పెత్తనం చేయకుండా ఇది అడ్డుకుంటుంది. ప్రతినిధి సొమ్మును అందుకోవచ్చు గానీ, హక్కు మాత్రం అర్హుల దగ్గరే ఉంటుందన్న సూత్రానికి మూలం ఇక్కడే ఉంది. 1982 సవరణతో బకాయిలకు నామినీని పెట్టుకునే వీలు కల్పించారు.

మానసిక అనారోగ్యం ఉన్నవారి ఆస్తుల నిర్వహణకు 1912 నాటి లూనసీ చట్టంలోను, దాని స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టంలోను ఏర్పాటు ఉండేది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2007లో ధ్రువీకరించాక ఆలోచనా ధోరణి మారింది. వైకల్యం ఉన్నవారికి నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందనే భావించాలని, అవసరమైన చోట తోడ్పాటు ఇవ్వాలని ఆ ఒప్పందంలోని 12వ అధికరణం చెబుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ దారిలో రూపొందినవే.

మైనర్ల తరఫున

పద్దెనిమిదేళ్లు నిండనివారి తరఫున సహజ సంరక్షకులు దరఖాస్తు చేస్తారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాత తల్లి. రుజువుగా జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు సరిపోతాయి. అయిదేళ్లలోపు పిల్లల ఆధార్ నమోదు తల్లి లేదా తండ్రి ఆధార్‌తో అనుసంధానమై ఉంటుంది కాబట్టి ఆ బంధం రికార్డులోనే కనిపిస్తుంది.

మైనర్ల సంరక్షకత్వంపై సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు ముఖ్యమైన తీర్పులకు దరఖాస్తు ఫారాలే కారణం కావడం గమనార్హం. రచయిత్రి గీతా హరిహరన్ 1984లో తన మైనర్ కుమారుడి పేరిట రిలీఫ్ బాండ్ల కోసం రిజర్వ్ బ్యాంకుకు దరఖాస్తు చేశారు. తండ్రి సంతకమో, కోర్టు ఇచ్చిన సంరక్షకత్వ ధ్రువపత్రమో కావాలని బ్యాంకు దాన్ని తిప్పి పంపింది. 1999లో వెలువడిన తీర్పు, తండ్రి బతికి ఉన్నా పిల్లల బాగోగులు పట్టించుకోని పరిస్థితిలో తల్లే సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని తేల్చింది. 2015లో ‘ఏబీసీ’ అన్న మారుపేరుతో నడిచిన కేసులో పెళ్లికాని తల్లి తన పొదుపు ఖాతాకు, బీమాకు కొడుకును నామినీగా పెట్టబోతే తండ్రి పేరు చెప్పమన్నారు. తండ్రికి నోటీసు ఇవ్వకుండానే ఆమె సంరక్షకత్వ దరఖాస్తును పరిశీలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

తాతయ్య, అమ్మమ్మ, మేనమామ ఈ చట్టం కింద సహజ సంరక్షకులు కారు. తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలను తాతలు పెంచుతున్నా, పెద్ద మొత్తాలు ముడిపడిన చోట 1890 చట్టం కింద జిల్లా కోర్టు ఉత్తర్వు అడుగుతారు. ముస్లిం వ్యక్తిగత న్యాయంలో తండ్రి తర్వాత, తండ్రి వీలునామాలో పేర్కొన్న నిర్వాహకుడు గానీ తండ్రి తండ్రి గానీ ఆస్తికి సంరక్షకులు కాగలరు. అక్కడ తాతయ్య స్థానం భిన్నం.

అధికార పత్రం, ముఖ్తార్‌నామా

అర్హులు స్పృహలో ఉండి, కదలలేని స్థితిలో ఉంటే అన్నిటికంటే సులువైన రుజువు అధికార లేఖ. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది గానీ, దానిలో ఉండవలసినవి ఉండాలి. ‘మా పెద్దబ్బాయి నా పనులన్నీ చూసుకుంటాడు’ అని రాసిన లేఖను గుమాస్తా పక్కన పెడితే తప్పుపట్టలేం. ఏ పథకం, ఏ దరఖాస్తు, ఏ పని, ఎప్పటివరకు అన్నవి స్పష్టంగా ఉండాలి. ‘నా వృద్ధాప్య పింఛను దరఖాస్తుకు పత్రాలు దాఖలు చేయడానికి, రసీదు తీసుకోవడానికి, అడిగిన వివరాలు ఇవ్వడానికి మాత్రమే’ అన్న వాక్యం పై వాక్యం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. అర్హుల సంతకం లేదా వేలిముద్ర, ప్రతినిధి నమూనా సంతకం, ఇద్దరు సాక్షులు, అర్హులు, ప్రతినిధి ఇద్దరి ఆధార్ జిరాక్సులు జతచేయడం ఆనవాయితీ.

ఇంతకంటే బలమైనది ముఖ్తార్‌నామా. వాడుకలో దీన్ని పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. అన్ని పనులకూ రాసేది జీపీఏ, ఒక పనికి రాసేది ఎస్పీఏ. 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం, 1872 కాంట్రాక్టు చట్టంలోని ఏజెన్సీ భాగం దీనికి ఆధారం. నోటరీ ఎదుట రాసి ధ్రువీకరించిన ముఖ్తార్‌నామాను కోర్టులు సరైనదిగానే ఊహిస్తాయి. ఆ ఊహ 1872 సాక్ష్య చట్టం నుంచి 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోకి వచ్చింది. ముఖ్తార్‌నామాలోని మాటలను కోర్టులు బిగించి చదువుతాయి. రాయని అధికారం ఉన్నట్టు ఊహించవు. ఇల్లు అద్దెకివ్వడానికి రాసిన జీపీఏతో పింఛను బకాయి అడగడం కుదరదు.

వకీలుకు ఇచ్చే వకాల్తానామా కోర్టులోని దావాకు పరిమితం. అది ప్రయోజనాల దరఖాస్తుకు ప్రత్యామ్నాయం కాదు.

ముఖ్తార్‌నామాకు ఒక పెద్ద పరిమితి ఉంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసి ఇచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ ముగిసిపోతుంది. ‘నాకు తెలివి తప్పినా ఇది అమల్లో ఉండాలి’ అని ముందుగా రాసుకునే పద్ధతికి భారత చట్టంలో ప్రత్యేక ఏర్పాటు లేదు. మతిమరుపు వ్యాధి మొదలైన తండ్రి రాసి ఇచ్చిన జీపీఏ ఆ వ్యాధి ముదిరేకొద్దీ, అంటే సరిగ్గా అవసరం పెరిగే సమయానికి, చట్టపరమైన విలువ కోల్పోతుంది.

వైకల్యం ఉన్నవారి సంరక్షకత్వం

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. జిల్లా స్థాయిలో కలెక్టరు లేదా ఆ హోదాకు తగ్గని అధికారి, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు కలిసి స్థానిక స్థాయి కమిటీగా ఉంటారు. పద్దెనిమిదేళ్లు నిండినవారికి తల్లిదండ్రులు, బంధువులు లేదా నమోదైన సంస్థ సంరక్షకత్వం కోరుతూ ఈ కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. పిల్లవాడికి పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులకు సహజ సంరక్షకత్వం ఉండదని చాలామందికి బ్యాంకు చెప్పే వరకూ తెలియదు. కోర్టుకు వెళ్లనవసరం లేకపోవడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. సంరక్షకుడు నియామకమైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం లేదా దుర్వినియోగం రుజువైతే కమిటీ తొలగించవచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ ‘పరిమిత సంరక్షకత్వం’ అన్న భావనను తెచ్చింది. ఇందులో సంరక్షకుడు ఒక్కడే నిర్ణయించడు. ఇద్దరూ కలిసి, నిర్దిష్ట విషయానికి, నిర్దిష్ట కాలానికి, అర్హుల ఇష్టానికి లోబడి నిర్ణయం తీసుకుంటారు. డబ్బు విషయంలో తోడ్పాటు ఇచ్చేవారి ప్రయోజనం అడ్డొస్తే వారు పక్కకు తప్పుకోవాలని 13వ సెక్షన్ చెబుతుంది. వైకల్య పింఛనుకు తెలుగు రాష్ట్రాల్లో ప్రధానమైన సదరం ధ్రువపత్రం వైకల్య శాతాన్ని తెలుపుతుందే గానీ, సంరక్షకుడెవరో చెప్పదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబ పింఛనులో మరో మార్గం ఉంది. మానసిక వైకల్యం ఉన్న సంతానం తరఫున పింఛను ఎవరు అందుకోవాలో ఉద్యోగి లేదా పింఛనుదారుడు బతికుండగానే నామినేషన్ ఇవ్వవచ్చు. అలా ఇస్తే కోర్టు ధ్రువపత్రం కోసం పట్టుబట్టరు. నేషనల్ ట్రస్ట్ కమిటీ ఇచ్చిన సంరక్షకత్వ ధ్రువపత్రం కూడా అంగీకారమే.

స్పృహ కోల్పోయిన పెద్దలు

పక్షవాతం, ప్రమాదం, మతిమరుపు వ్యాధి వల్ల నిర్ణయశక్తి పోయిన పెద్దల విషయంలో చట్టం పలచబడుతుంది. 2018లో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ‘నామినేటెడ్ ప్రతినిధి’ని ఏర్పాటు చేసింది గానీ, అతని పాత్ర చికిత్స నిర్ణయాలకు పరిమితం. పాత 1987 చట్టంలోని ఆస్తి నిర్వహణ అధ్యాయానికి సమానమైనది ఇందులో లేదు. అందువల్ల కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు రిట్ వేయవలసి వస్తోంది. కోమాలో ఉన్నవారికి సంరక్షకుణ్ని నియమించే విషయమై కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. న్యూరాలజిస్టు సభ్యుడిగా ఉన్న వైద్య బోర్డు పరీక్ష, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికి వచ్చి ఇచ్చే నివేదిక, వారసుల వివరాలు, ఆరు నెలలకోసారి లెక్కలు అందులోని ముఖ్యాంశాలు. నెలకు కొన్ని వేల రూపాయల పింఛను కోసం హైకోర్టుకు వెళ్లడం ఏ కుటుంబానికైనా భారమే.

బ్యాంకు కౌంటర్ దగ్గర

స్పృహ ఉండి సంతకం చేయలేనివారికి మాత్రం రిజర్వ్ బ్యాంకు సూచనలు కొంతవరకు తోడ్పడతాయి. వృద్ధులు, అనారోగ్యంతో ఉన్నవారు, సంతకం చేయలేనివారు చెక్కుపై లేదా విత్‌డ్రాయల్ ఫారంపై వేలిముద్ర వేయవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు దాన్ని గుర్తించాలి. వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. చేతి బొటనవేలు ముద్ర వీలుకాకపోతే కాలి బొటనవేలు ముద్ర తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే గుర్తు పెడితే చాలు. ఆ గుర్తును వేరొకరు పెట్టినా చెల్లుతుంది గానీ, గుర్తు పెట్టిన సాధనం ముందుగా ఖాతాదారు శరీరాన్ని తాకి ఉండాలి. అంటే మంచాన ఉన్న వ్యక్తి చేతికి కలాన్ని తాకించి, అదే కలంతో కొడుకు గీత గీస్తే అది తండ్రి గుర్తే అవుతుంది. సొమ్ము ఎవరు తీసుకోవాలో ఖాతాదారు బ్యాంకుకు చెప్పాలి. ఆ వ్యక్తినీ ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అతని సంతకం బ్యాంకుకు ఇవ్వాలి. ఈ పద్ధతి అంతటికీ ఖాతాదారుకు స్పృహ ఉండాలన్నది షరతు.

పింఛన్లు, రేషన్, వేలిముద్ర యంత్రం

ఆధార్ ఆధారిత గుర్తింపు వచ్చాక ప్రతినిధి ప్రశ్న కొత్త రూపం తీసుకుంది. కాగితం మీది సంతకం బదలాయించవచ్చు, వేలిముద్ర బదలాయించలేం. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లను 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటికే తెచ్చి ఇచ్చేవారు, 2024 జూలై 1 నుంచి సచివాలయ సిబ్బంది ఇస్తున్నారు. అర్హులే యంత్రం మీద వేలు పెట్టాలి. వేలిముద్ర పడనివారికి ఐరిస్, ముఖ గుర్తింపు ప్రత్యామ్నాయాలు. ఇంటికే వచ్చి ఇవ్వడం వల్ల ప్రతినిధి అవసరం తగ్గిందని చెప్పవచ్చు. అయితే ఆసుపత్రిలోనో, వేరే ఊళ్లో కూతురింట్లోనో ఉన్నవారికి ఆ ఊరట అందదు.

రేషన్‌లో ప్రతినిధిత్వం పథకంలోనే ఇమిడి ఉంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీలలో పెద్దామె కార్డుకు కుటుంబ పెద్ద. సరుకులు మాత్రం కార్డులో పేరున్న ఏ సభ్యుడైనా ఈ-పాస్ యంత్రంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఒంటరి వృద్ధులకు ఇది ఉపయోగపడదు కాబట్టి, వారి తరఫున నామినీని అనుమతించే వెసులుబాటు ఉంది.

పింఛనుదారులు ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం కోసం కేంద్రం 2014 నవంబరు 10న ‘జీవన్ ప్రమాణ్’ను ప్రారంభించింది. 2021 నుంచి ఫోన్‌లో ముఖ గుర్తింపుతోనూ ఇవ్వవచ్చు. విదేశాల్లో పిల్లల దగ్గర ఉండే పింఛనుదారులకు నోటరీ, బ్యాంకు అధికారి లేదా భారత దౌత్య ప్రతినిధి సంతకంతో ఇచ్చే పత్రం చెల్లుతుంది.

మరణానంతరం

అర్హులు మరణించాక జీపీఏ, అధికార లేఖ రెండూ చెల్లవు. అప్పుడు మూడు రకాల రుజువులుంటాయి: నామినేషన్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 1925 వారసత్వ చట్టం కింద సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం. నామినీ సాధారణంగా సొమ్మును అందుకునేవాడే గానీ, సొంతదారు కాడు. జీవిత బీమా విషయంలో 1983 నాటి సర్బతీ దేవి తీర్పు ఈ సూత్రాన్ని స్థిరపరచింది. 2015లో బీమా చట్టానికి చేసిన సవరణ తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలైతే వారినే హక్కుదారులుగా గుర్తించింది. ఆచూకీ లేనివారి విషయంలో ఏడేళ్ల నిరీక్షణ సాక్ష్య చట్టం నియమం. కానీ కనిపించకుండాపోయిన కేంద్ర ఉద్యోగి కుటుంబానికి, పోలీసు ఫిర్యాదు నమోదైన ఆరు నెలల తర్వాత పూచీకత్తు బాండుపై కుటుంబ పింఛను ఇస్తారు.

ఇతర దేశాల పద్ధతులు

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ సొమ్ము విషయంలో పవర్ ఆఫ్ అటార్నీని ఆ సంస్థ గుర్తించదు. ప్రతినిధి వేరుగా దరఖాస్తు చేసి ‘రిప్రజెంటేటివ్ పేయీ’గా నియామకం పొందాలి. అక్కడ స్థిరపడిన తెలుగువారు తల్లిదండ్రుల తరఫున భారత్‌లో రాయించిన జీపీఏ చూపినా ఫలితం ఇదే. బ్రిటన్‌లో సంక్షేమ శాఖ ‘అపాయింటీ’ని నియమిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 మెంటల్ కెపాసిటీ చట్టం కింద సామర్థ్యం పోయాక కూడా కొనసాగే అధికార పత్రాన్ని ముందుగా రాసుకోవచ్చు. దాన్ని నమోదు చేయించుకోవాలి.

విదేశంలో ఉన్న వ్యక్తి భారత్‌లోని పనికి ముఖ్తార్‌నామా పంపాలంటే అక్కడి నోటరీ లేదా భారత కాన్సులేట్ ధ్రువీకరణ కావాలి. పత్రం భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు రుసుము చెల్లించాలి.

దుర్వినియోగం, బాధ్యత

ప్రతినిధి అందుకున్న సొమ్ము అర్హుల కోసమే ఖర్చు కావాలి. అది తన అవసరాలకు మళ్లిస్తే నేరపూరిత విశ్వాసఘాతం. వేరొకరి వేషంతో దరఖాస్తు చేయడం, సంతకం ఫోర్జరీ చేయడం 2023 భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. మరణాన్ని తెలపకుండా పింఛను తీసుకుంటూ ఉండటం తరచుగా కనిపించే ఉల్లంఘన. అలా తీసుకున్న మొత్తాన్ని రాబడతారు. మరోవైపు, రుజువు కోసం మితిమీరి పట్టుబట్టడం వల్ల అర్హులు నష్టపోతారన్న విమర్శ కూడా ఉంది. ఏ రుజువు సరిపోతుందో పథకం వారీగా రాసి గోడకు అంటించిన కార్యాలయాలు తక్కువ. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు, సమాచార హక్కు చట్టం కింద నిబంధన ప్రతినీ కోరవచ్చు. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు, వైకల్యం ఉన్నవారు 1987 న్యాయ సేవల చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత సాయం పొందవచ్చు.

అధికారం ముగిసే సందర్భాలు

మైనరుకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున సంరక్షకుడి అధికారం పోతుంది. కోర్టు సంరక్షకుణ్ని నియమించిన మైనర్లకు 1999 వరకు ఈ వయసు ఇరవై ఒకటిగా ఉండేది. సుకన్య సమృద్ధి ఖాతాను పద్దెనిమిది దాటిన అమ్మాయి స్వయంగా నడుపుకోవాలి. అధికార లేఖ గడువుతో గానీ, రద్దు చేస్తున్నట్టు అర్హులు రాసి ఇచ్చినప్పుడు గానీ ముగుస్తుంది. రద్దు పత్రం ప్రతిని ఆ లేఖ దాఖలైన ప్రతి కార్యాలయానికీ విడివిడిగా ఇవ్వాలి. లేదంటే సమాచారం అందని కార్యాలయం పాత ప్రతినిధితోనే పని నడుపుతుంది. సంరక్షకుడు మరణిస్తే అధికారం అతని వారసులకు సంక్రమించదు, కొత్తవారు తిరిగి దరఖాస్తు చేసుకోవాలి.